ఎడమచేతి జడలు

పోయినవారం బాలసరస్వతి టీచర్ని చేపల చెరువు గట్టు మీద, బురదకి భయపడి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని, అలాగే వదిలేసి వచ్చాం. వారం రోజులు నిలబెట్టినందుకు ఆవిడ మనల్ని ఏమీ అనదు. ఆవిడకి ఇప్పుడు ఎవరినీ ఏమీ అనే ధైర్యం లేదు.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు. బాలసరస్వతి గువ్వలలంక హైస్కూల్లో తెలుగు టీచరు. ఏలూరు నుంచి రోజూ బస్సులో వచ్చి వెళుతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బెత్తం పట్టుకున్న మనిషి కాదు. తల దువ్వుకోకుండా వచ్చిన ఆడపిల్లకి ఆవిడ వేసే శిక్ష ఒక్కటే. వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, సొరుగులోంచి కొబ్బరినూనె సీసా, దువ్వెన, నల్ల రిబ్బన్లు తీసి, చిక్కు తీసి, తనే రెండు జడలు వేసి మడిచికట్టి పంపడం. దానికి శిక్ష అన్న పేరు కూడా ఎవరూ పెట్టలేదు. వ్యాయామం మాస్టారు ఎలీషా గారు జుట్టు పెంచిన మగపిల్లల్ని ప్రార్థన లైన్లోనే పట్టుకుని ముందు జుట్టు కత్తెరతో కత్తిరిస్తుంటే, ఆయనతో పోట్లాడింది కూడా ఈవిడే. “చెప్పడం మాటతో ఆగాలి మాస్టారూ, పిల్లల ఒంటి దాకా రాకూడదు” అంది. అన్నప్పుడు తన చేతిలో ఉన్న దువ్వెన ఆవిడకి గుర్తు రాలేదు.

ఎనిమిదో తరగతి ఇందుజ ఇరవై రోజులు అవే జడలతో బడికి వచ్చింది. రిబ్బన్లు నలిగిపోయాయి, జడల మీద నూగు పట్టింది, పక్క పిల్లలు బెంచీ చివరికి జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. మూడుసార్లు చెప్పినా పిల్ల తల వంచుకుని నిలబడింది తప్ప మాట్లాడలేదు. ఒక సోమవారం ప్రార్థనకి ముందు, బడి బడంతా చూస్తుండగా, బాలసరస్వతి ఆ జడలు విప్పేసింది. నూనె రాసి, దువ్వి, కొత్త రిబ్బన్లతో చక్కగా రెండు జడలు వేసింది. పిల్ల ఏడవలేదు, అడ్డుపడలేదు. మర్నాటి నుంచి బడికి రాలేదు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. నిన్న పిల్ల తండ్రి టీసీ ఇమ్మని కాగితం పంపించాడు. తాడేపల్లిగూడెంలో ఏదో హాస్టలు బడిలో వేస్తారట. సోమవారం సంతకం పెట్టేస్తానన్నారు హెడ్మాస్టరు బాపిరాజు గారు. “మీరు వెళ్ళి తప్పయిందీ గిప్పయిందీ అనకండమ్మా, రేపు అదే మన మెడకి చుట్టుకుంటుంది” అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు. ఎలీషా మాస్టారు మాత్రం, పాపం దెప్పాలని కాదు గానీ, టీ తాగుతూ ఒక మాటన్నారు. “నా కత్తెరకీ మీ దువ్వెనకీ తేడా ఏంటో నాకిప్పుడు అర్థం కావట్లేదు మేడం.” ఆ మాటే పట్టుకుని, బడి వదిలాక ఆటో ఎక్కి, ఆటో వెళ్ళలేని చోట దిగి, ఈ గట్టు మీదకి వచ్చింది బాలసరస్వతి.

తాతారావు ఇల్లు గట్టు చివర ఉంది. ఒకప్పుడు అది పొలం మధ్య ఇల్లు. చుట్టూ అందరూ చెరువులు తవ్వేసరికి ఊటనీరు ఎక్కి వరి పాచిపోయి, చివరికి అతనూ పొలాన్ని చెరువుకే ఇచ్చుకున్నాడు. ఇప్పుడు సొంత పొలంలో నిండిన నీళ్ళకి తనే కాపలా. గుంజలకి వేలాడే మేత సంచుల చుట్టూ చేపలు తపతపమంటున్నాయి. దూరంగా కొల్లేరు వైపు గూడబాతులు బారు కట్టి పోతున్నాయి. ఇంటి ముందు దండెం మీద ఒక యూనిఫారం గౌను, ఉతికి ఆరేసి, ఇస్త్రీకి ఎదురుచూస్తున్నట్టు వేలాడుతోంది.

“ఏవండీ... తాతారావు గారూ.”

అతను ఖాళీ మేత సంచులు దులుపుతున్నాడు. తల ఎత్తి చూశాడు. మొహం గంటు పెట్టుకున్నాడు. అయినా లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీద తువ్వాలుతో రెండుసార్లు తుడిచి వేశాడు. మన వైపు వాళ్ళ కోపం కూడా కుర్చీ వేశాకే మొదలవుతుంది.

“కూర్చోండి. మంచినీళ్ళు పుచ్చుకుంటారా?”

“వద్దండీ. ఇందుజతో ఒక్కసారి మాట్లాడి వెళ్దామని.”

“మాట్లాడ్డానికేం ఉందండీ ఇంక? కాగితం అందింది గదా. సోమవారం సంతకం అయిపోద్దన్నారండి హెడ్మాస్టారు గారు.”

“చదువుకునే పిల్లండీ. సంవత్సరం మధ్యలో బడి మారిస్తే...”

“చదువుకునే పిల్లేనండీ.” తాతారావు గొంతు లేవలేదు. లేవకపోవడమే ఆవిడకి కష్టంగా ఉంది. “మీ తెలుగు నోట్సు అట్టకి బంగారు కాయితం వేసుకున్న పిల్లండీ అది. మీరంటే దానికి ఎంతో నాకు తెల్సు. అందుకేనండీ బాధ. ఇంకెవరన్నా చేస్తే తెలీక చేసేరనుకుందుము. మా ఇంటిది వెళ్ళేముందు మీ దగ్గరికొచ్చి అంత వివరంగా చెప్పింది గదండీ. చెప్పినా కూడా విప్పేసేరు.”

బాలసరస్వతికి అర్థం కాలేదు. “ఏం చెప్పారండీ?” అంది.

తాతారావు ఆవిడ కేసి చూసిన చూపులో, మరిచిపోయావా అన్న ఆశ్చర్యం కన్నా, నటిస్తున్నావా అన్న అనుమానం ఎక్కువగా ఉంది. అయినా చెప్పాడు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చి, తల్లి రత్నమాణిక్యం కూతురికి తలంటి, సాంబ్రాణి వేసి, మధ్యాహ్నం ఎండలో అరుగు మీద కూర్చోబెట్టి జడలు వేసింది. బడి రూలు ప్రకారమే, రెండు జడలు. గంటసేపు వేసింది. వేసిందే విప్పి మళ్ళీ వేసింది. మర్నాడు మస్కట్ విమానం ఎక్కింది. అక్కడ ఒక ఇంట్లో వంటపని, రెండేళ్ళు. అక్కడి గుర్తింపు కార్డు వస్తే గానీ సిమ్ ఇవ్వరు. కార్డుకి నెల పడుతుందన్నారు. క్షేమంగా చేరిందని ఏజెంటు చెప్పడమే తప్ప ఇప్పటిదాకా ఆమె గొంతు విన్నది లేదు.

“వాళ్ళమ్మ వేసే జడలు మొదటి ఫోను వచ్చేదాకా విప్పనని చవితికి రెండ్రోజుల ముందే అందండీ పిల్ల. వాళ్ళమ్మా నవ్వి సరేనంది. ‘మరి టీచరు గారు తిడతారేమోనే’ అని నేనంటే, ‘నేను వెళ్ళి చెప్తాలే’ అని మీ బడికొచ్చింది. వచ్చి ఎంత సంబరంగా చెప్పిందనుకున్నారు? ‘టీచరు గారు ఎంత మంచావిడో, సరేనమ్మా, నేను చూసుకుంటాను, నువ్వు దిగులు పెట్టుకోకుండా వెళ్ళు అన్నారు’ అని చెప్పిందండీ. ఆ మాట మీదే ఈ పిల్ల ఏడవకుండా వాళ్ళమ్మని పంపించింది.”

బాలసరస్వతి కుర్చీ చేతిని పట్టుకుంది.

గుర్తొచ్చింది. చిలకపచ్చ చీర. వరండా స్తంభం పక్కన నిలబడ్డ మనిషి. నాగులచవితికి ముందురోజు, మధ్యాహ్న భోజనం వేళ. పిల్లల కంచాల్లో కోడిగుడ్లకి ఫోటో తీసి, అది యాప్‌లో ఎక్కక, సిగ్నలు కోసం తను ఫోను ఆకాశానికి ఎత్తిపట్టుకుని వరండా అంతా తిరుగుతోంది. “మా అమ్మాయి గురించండీ, ఒక్క మాట” అంది ఆ మనిషి. “ఇప్పుడు కాదమ్మా, రేపు రా” అంది తను, ఫోను మీంచి కళ్ళు తీయకుండానే. “రేపు సెలవండీ.” “అయితే ఎల్లుండి రా.” ఆ మనిషి “ఆయ్, అలాగేనండి” అంది. అని వెంటనే వెళ్ళిపోలేదు. బెల్లు కొట్టేదాకా అక్కడే నిలబడింది. తర్వాత చూస్తే లేదు. ఎల్లుండి వచ్చి చెప్పలేని మనిషని తనకేం తెలుసు? తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలేది. గుడ్ల ఫోటోకి మాత్రం ముప్పావుగంట పట్టింది.

అంటే రత్నమాణిక్యం ఏమీ చెప్పలేదు. చెప్పలేకపోయింది. చెప్పలేకపోయానని ఇంట్లో అంటే పిల్ల బెంగపెట్టుకుంటుందని, టీచరు నోట తను కోరుకున్న మాటలన్నీ తనే పెట్టుకుని, దారి పొడుగునా అల్లుకుని వచ్చి చెప్పింది.

బాలసరస్వతి నోటి దాకా మాట వచ్చింది. మీ ఆవిడ నాతో చెప్పలేదండీ. అంతే. పచ్చి నిజం. ఆ ఒక్క మాటతో తాతారావు మొహంలో కోపం పోతుంది. తెలిసీ చేసిన రాక్షసి కాస్తా తెలియక చేసిన పంతులమ్మ అయిపోతుంది. బాపిరాజు గారు కూడా సంతోషిస్తారు.

అప్పుడు తలుపు కింద సందులోంచి రెండు పాదాలు కనిపించాయి. ఇందుజ తలుపు వెనకాలే నిలబడి వింటోంది.

ఆ పిల్ల దగ్గర ఇప్పుడు తల్లిది ఏం మిగిలింది? జడలు లేవు. గొంతు లేదు. మిగిలింది ఆ చివరి మాట ఒక్కటే. అమ్మ నా కోసం వెళ్ళి చెప్పింది అన్న మాట. అది కూడా అబద్ధమని తను ఈ గుమ్మంలో కూర్చుని తేల్చేస్తే, తల్లి ఎక్కడో సముద్రం అవతల, వచ్చి ఇందుకమ్మా అలా అన్నాను అని చెప్పుకోడానికి కూడా లేకుండా ఉంది.

ఇరవై ఆరేళ్ళుగా నిజమే చెప్పాలర్రా అని పిల్లలకి నూరిపోసిన ఆవిడకి, ఆ క్షణంలో నిజం బొత్తిగా నచ్చలేదు.

“చెప్పారండీ” అంది బాలసరస్వతి. “మీ ఆవిడ వచ్చి చెప్పారు. నేనే మనసు పెట్టి వినలేదు.”

తాతారావు భుజం మీది తువ్వాలు విదిలించి గుమ్మం దగ్గర పడేశాడు. “ఇంకేం మాట్లాడతామండీ” అని చెరువు వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

తలుపు తెరుచుకుంది. ఇందుజ వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి పడేసిన తువ్వాలు తలకి చుట్టుకుంది. పదకొండు రోజుల్లో పిల్ల పొడుగైనట్టనిపించింది. లేక తనే కుంగిపోయిందేమో.

“నమస్తే టీచర్” అంది అలవాటుగా.

“బాగున్నావా అమ్మా?”

“మీకు తెల్సనే నేను కదల్లేదండీ ఆ రోజు. అంతకు ముందు మూడుసార్లు చెప్పినప్పుడు కూడా, అందరి ముందూ ఊరికే అంటున్నారేమో అనుకున్నానండీ. అమ్మ చెప్పింది గదా, టీచర్‌కి తెల్సు గదా, ఊరికే చూస్తున్నారేమో, ఇప్పుడు ఆపేస్తారు అనుకున్నానండీ. ఒక రిబ్బను తీసేరు. ఇంక ఆపుతారు అనుకున్నాను. రెండోది తీసేరు. జడ మొత్తం విప్పేదాకా అదే అనుకున్నానండీ.”

ఆ రోజు పిల్ల మౌనంగా ఉంటే బుద్ధిమంతురాలు అనుకుంది బాలసరస్వతి. కాస్త గర్వపడింది కూడా. కొట్టకుండా తిట్టకుండా చెప్పిన మాట వినిపించానని.

“తెల్సి కూడా ఎందుకు విప్పేరండీ?”

ఈ ప్రశ్నకి ఉన్న జవాబుని ఆవిడ ఇందాకే తన చేతులతో తనే పారేసుకుంది. అందుకని ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఇంట్లో భర్త సోమసుందరానికి కూడా సగమే తెలిసిన సంగతి.

“నేను నాలుగో తరగతిలో ఉండగా మా అమ్మ పోయిందమ్మా. మా ఇంట్లో అందరూ మగవాళ్ళే, పూజలు చేయించడానికి పొద్దున్నే వెళ్ళిపోయేవారు. నా తల ఎవరికీ పట్టేది కాదు. మా బళ్ళో జీవరత్నం టీచరని ఉండేవారు. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, ఒళ్ళో తల పెట్టుకుని, నూనె రాసి జడ వేశారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉండేది. సుద్దముక్క వాసన వేసేది. ఆ తర్వాత మా మేనత్త వచ్చి ఉండి, రోజూ శుభ్రంగా జడ వేసి పంపించేది. నేనేం చేసేదాన్నో తెలుసా? వీధి మలుపు తిరగ్గానే ఆ జడ విప్పేసుకుని, జుట్టు చెరుపుకుని బడికి వెళ్ళేదాన్ని. జీవరత్నం టీచరు చూసి, మళ్ళీ ఇలా వచ్చావేమే అని దగ్గరికి తీసుకుంటారని. రెండేళ్ళు అలాగే వెళ్ళాను. ఆవిడకి తెలుసో తెలీదో, ఒక్కరోజూ అడగలేదు. ఇప్పటికీ ఎవరిదైనా తల దువ్వుతుంటే ఆ చెయ్యి గుర్తొస్తుంది. మళ్ళీ ఒక్కసారి ఆ చెయ్యి నా తలమీద పడితే బాగుండును అనిపిస్తుంది, ఈ వయసులో కూడా. అందుకనే, పిల్లల తల మీద చెయ్యి వెయ్యడం తప్పవుతుందని నాకెప్పుడూ తోచలేదు ఇందూ. ప్రతి పిల్లకీ అదే కావాలనుకున్నాను.”

ఇందుజ శ్రద్ధగా వింది. క్లాసులో పద్యం విన్నట్టే వింది. విన్నాక మెల్లిగా అంది.

“మీ అమ్మగారు లేరు గదండీ. మా అమ్మ ఉందండీ.”

బాలసరస్వతి దండెం మీది గౌను వైపు చూసింది.

“విప్పాలని నాకూ తెల్సు టీచర్. దురద పుట్టేది. వాసనొస్తోందని నాకూ తెల్సు. మనస్వి వాళ్ళు జరిగి కూర్చుంటే నాకు సిగ్గేసేదండీ. కానీ అమ్మ ఫోన్లో కనిపించేక, అమ్మ చూస్తుండగా, నేనే విప్పుకుందామనుకున్నానండీ. అవి నావి గదండీ. మీరు ఇంకో వారం ఊరుకుంటే అయిపోను.”

ఎలీషా మాస్టారికి తను చెప్పిన నీతి ఇప్పుడు ఈ పిల్ల నోట వింటోంది బాలసరస్వతి. గీత ఎక్కడ గీయాలో ఎన్ని ట్రైనింగుల్లో, ఎన్ని స్లయిడ్లు చూపించి చెప్పారో. కొట్టకూడదు, తిట్టకూడదు, పేరు పెట్టి గేలి చెయ్యకూడదు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. అవి నావి గదండీ అన్న మాట మాత్రం ఏ స్లయిడు మీదా కనిపించలేదు. పిల్లని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. విప్పనా అమ్మా అని. అడగాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే తన చెయ్యి మంచిదని తనకి అంత నమ్మకం.

“గూడెం హాస్టల్లో చేరతావా నిజంగా?”

“చేరతానండీ. అక్కడ అందరికీ కటింగ్ చేయించేస్తారంట, మెడ దాకా. ఇంక విప్పడానికేం ఉండదు గదండీ.”

ఆ మాట అంత మామూలుగా అనేసరికి బాలసరస్వతి ప్రాణం ఉసూరుమంది. తువ్వాలు జారి పిల్ల భుజాల మీద పడింది. నడుము దాటిన జుట్టు. పదకొండు రోజులుగా దువ్వెన తగిలినట్టు లేదు. సోమవారం సంతకం పడితే, మంగళవారానికి ఈ జుట్టు ఏదో హాస్టలు నేల మీద ఉంటుంది.

“నాన్న వేస్తానన్నారా జడ?”

“వేసేరండీ. వల ముడేసినట్టేసేరు.” చిన్న నవ్వు వచ్చిపోయింది. “నేనూ అద్దంలో చూసి వేసుకున్నానండీ. అమ్మ వేసినట్టు రాట్లేదు. అటు తిరగట్లేదు.”

“మీ అమ్మది ఎడమచేతివాటం కదూ?”

ఇందుజ చటుక్కున తలెత్తింది. “మీకెలా తెల్సండీ? అమ్మ చెప్పిందా?”

“నా వేళ్ళకి తెలిసిందమ్మా. ఆ రోజు విప్పుతుంటే చెయ్యి తడబడింది. ఇన్నేళ్ళలో ఎన్ని జడలు విప్పానో. అన్నిటికీ కుడి పాయ ముందు పైకి వస్తుంది. మీ అమ్మ వేసిన దానికి ఎడం పాయ ముందుంది. ఎవరే ఇంత తిరకాసుగా వేశారు అనుకున్నాను.” తల అడ్డంగా ఊపింది. “తిరకాసు కాదు. బిగువుగా, ఒక్క వెంట్రుక పైకి లేవకుండా వేసిన జడ. ఎలా వేసిందో నాకు గుర్తుంది.”

పిల్ల కళ్ళలోకి ఏదో వచ్చింది. ఆశ అనడానికి భయం వేసే లాంటిది.

“నేను వేసినా అది మీ అమ్మ వేసినది కాదు. నాకు తెలుసు” అంది బాలసరస్వతి. “వద్దంటే వద్దు. వేస్తేనే బడికి రావాలని కూడా కాదు. నువ్వు ఊ అంటేనే ముట్టుకుంటాను. వెయ్యమంటావా?”

ఇందుజ లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఇక రాదేమో అని బాలసరస్వతి చెప్పులు చూసుకుంటుంటే, ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన ఒకటి పట్టుకుని వచ్చింది. పళ్ళ మధ్య రెండు పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా తీసి, వేలికి చుట్టి, గుమ్మం పక్కనున్న జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. అవి ఎవరివో అడగక్కర్లేదు. తర్వాత దువ్వెన ఆవిడ చేతికిచ్చి, అరుగు మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుంది.

“ఒక్కటే వెయ్యండి. చూస్తాను” అంది.

చిక్కు తీయడానికే చాలాసేపు పట్టింది. లాగినప్పుడల్లా “నొప్పా?” అని అడుగుతూనే ఉంది. తర్వాత మూడు పాయలు చేసింది. కళ్ళు మూసుకుని, వరండాలో ఆ సోమవారం తన వేళ్ళు నడిచిన దారిని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఎడం పాయ పైకి. కుడిది తర్వాత. మళ్ళీ ఎడమ. ముందు రెండు మెలికలు రాలేదు, విప్పింది. మూడోసారి నిలిచింది. ఇందుజ చెయ్యి వెనక్కి పెట్టి, జడ మొదలు తడిమి చూసుకుంది. ఆ పిల్ల భుజాలు కొద్దిగా కిందకి దిగాయి.

సగం జడ అయింది.

“ఇందూ!” చెరువు గట్టు మీంచి తాతారావు పరుగెత్తుకుని వస్తున్నాడు. చేతిలో ఫోను మోగుతోంది. “ఇందూ, కొత్త నంబరే! మన నంబరు కాదే! అమ్మేనే!”

పిల్ల లేచి నిలబడింది. మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే పాలిపోయింది. చెయ్యి జడ మీదకి వెళ్ళింది. ఒక పక్క సగం జడ, రెండో పక్క విరబోసిన జుట్టు. నెల రోజులు ఎదురుచూసిన ఫోను వస్తే, ఆ పిల్ల తువ్వాలు తలమీద కప్పుకుని తలుపు వెనక్కి పారిపోయింది.

తాతారావు బొటనవేలితో తెర మీద రుద్దాడు. బొమ్మ వచ్చింది. చిన్న వంటగది, తెల్ల గోడ, తలకి నల్లగుడ్డ కట్టుకున్న మనిషి. చిలకపచ్చ చీర లేదు గానీ, వరండా స్తంభం పక్కన నిలబడ్డ మనిషే.

“ఏవండీ... వినపడతందా? కనపడతన్నానా?”

అతను తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. అది కూతురి తలమీద ఉంది. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

“పిల్లేదండీ? ఇందూ ఏది? ముందు దాన్ని చూపించండి.”

“ఉందే... ఇక్కడే ఉంది...” తలుపు వైపు చూశాడు. తలుపు కదల్లేదు. ఏం చెప్పాలో తెలియక, పక్కన దువ్వెన పట్టుకుని నిలబడ్డ మనిషి చేతిలోకి ఫోను తోసేశాడు. “టీచరు గారొచ్చేరు. మాట్లాడు.”

ఫోను తీసుకోక తప్పలేదు బాలసరస్వతికి. తెరలో రత్నమాణిక్యం మొహం విచ్చుకుంది. రెండు చేతులూ జోడించింది. ఫోను ఎక్కడో ఆనించినట్టుంది, అది ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది.

“టీచరు గారండీ! మీరే వచ్చేరా మా ఇంటికి? మిమ్మల్ని చూస్తే ప్రాణం లేచొచ్చిందండీ.” చాలా దూరం కదా అని గట్టిగా మాట్లాడుతోంది. వాకిలంతా వినిపిస్తోంది. “నెల్రోజులుగా ఇదే బెంగండీ నాకు. ఆ రోజు మీరు పనిలో ఉన్నారు, నాకు చెప్పడం పడలేదు...”

“అమ్మా, అది తర్వాత...” బాలసరస్వతి శబ్దం తగ్గించే మీట కోసం వెతికింది. తనది కాని ఫోను. చేతికి దొరకలేదు. అరచేత్తో మూసింది. అరచేతి కిందనుంచి కూడా మాటలు వచ్చేశాయి.

“...మీకు చెప్పేసేనని, మీరు సరేనన్నారని పిల్లకి అబద్ధమాడేసి వచ్చేసేనండీ. పాపిష్టిదాన్ని. మీకేం తెల్సు పాపం, తెలీక మీరెక్కడ ఆ జడలు విప్పేస్తారో, అది నన్నేం అనుకుంటదో అని నిద్రపట్టలేదండీ ఒక్కరోజూ...”

తాతారావు కొయ్యబారిపోయాడు. ఫోను వైపు చూశాడు, టీచరు వైపు చూశాడు.

తలుపు తెరుచుకుంది. ఇందుజ బయటికి వచ్చింది. తువ్వాలు ఎక్కడో పడిపోయింది. కట్టుకోవడానికి రిబ్బను లేక, సగం వేసిన జడ కింద నుంచి విడిపోతూ ఉంది. నెల రోజులు ఏ మొహం కోసం ఎదురుచూసిందో ఆ మొహం నాలుగడుగుల దూరంలో ఉంది. పిల్ల దానివైపు చూడలేదు. బాలసరస్వతి వైపే చూస్తోంది.

“మీకు తెలీదా టీచర్?” అంది. “మరి తెల్సని ఎందుకు చెప్పేరండీ?”

“ఎవరదీ? ఇందూనా?” అరచేతి కింద రత్నమాణిక్యం గొంతు సంబరంగా పలికింది. “ఏదమ్మా, ఇలా రా. వెనక్కి తిరుగు, నా జడలు చూడనీ.”